కోడిగుడ్డులో చక్కెర

కొత్తవాడలో అనసూర్య వంటిల్లు చూసినవాళ్లెవరూ అది అద్దకం వాళ్ల ఇల్లని నమ్మేవారు కాదు. వెనక రేకుల షెడ్డులో తెల్లారకముందే రంగు కాగులు మరిగేవి. దండేల మీద చిలుపలుగా చుట్టిన నూలు కట్టలు ఎరుపూ నీలమూ కారుస్తూ వేలాడేవి. నీలం కాగులో కలిపే హైడ్రోసు అనే తెల్లపొడి డబ్బా మూత తీస్తే గంధకం కాలినట్టు ఘాటు వాసన ఇల్లంతా కమ్మేది. గోడలు, మొగుడి గోళ్లు, మరిది మొగిలయ్య పంచె, ప్రహరీ మీద పడుకునే పిల్లి తోక, అన్నీ ఏదో ఒక రంగులో ఉండేవి. వంటిల్లు మాత్రం సున్నం కొట్టిన తెలుపు. షెడ్డు కాళ్లతో ఎవరూ ఆ గడప దాటడానికి వీల్లేదు. షెడ్డు చెంబు లోపలికి రాకూడదు, లోపలి చెంబు షెడ్డుకు పోకూడదు.

"మా వదినె సచ్చి సర్గం కాడికి పోయినా ముందుగాల ఆ గడప కడిగినంకనే లోపలికి పోతది" అనేవాడు మొగిలయ్య.

ఆమె నవ్వేది కాదు. ఎంగిలి, చీము, ఉమ్మి, వీటి పేరెత్తితేనే ఆమెకు కడుపులో తిప్పేది. అది నలుగురిలో చూపించుకునే శుభ్రం కాదు, పుట్టుకతో వచ్చిన బాధ.

అందుకే డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఇంట్లో ఆ కుళ్లు వాసన మొదట ఆమె ముక్కుకే తగిలింది. ఎలుక చచ్చిందనుకుంది. బియ్యం డబ్బాలు జరిపించింది, అటక దులిపించింది. మూడో రోజు మధ్యాహ్నం మొగుడు వెంకటరాజం పీట మీద కూర్చుని కాలు చాపినప్పుడు తెలిసింది, వాసన ఆ కాలిలోంచి వస్తోందని.

ఇరవై ఏళ్లుగా రంగునీళ్లలో నిలబడి అతని పాదాలు మడమల దాకా నీలంగానే ఉండేవి. ఎడమకాలి చిటికెన వేలి కింద రూపాయి బిళ్లంత పుండు ఉంది. నీలంలో కలిసిపోయి ఎవరికీ కనబడలేదు. ఎప్పుడో కాగులోంచి మరిగే నీళ్లు చిందినట్టున్నాయి. అతనికి తెలియనే లేదు.

"నొస్తలేదా?" అంది అనసూర్య, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"నొస్తే జెప్పనా? నాకేమన్న నోరు లేదా?"

ఆమె పెరట్లోకి పోయి కక్కుకుని వచ్చింది.

హనుమకొండలో డాక్టర్ రాజేశ్వర్ రావు ఆ పుండును చిమటాతో కెలుకుతుంటే వెంకటరాజం కిటికీలోంచి రిక్షాలను చూస్తూ కూర్చున్నాడు, ఆ కాలు ఇంకెవరిదో అయినట్టు. డాక్టర్ ముఖం చిట్లించాడు.

"ఉచ్చ పోసిన కాడ చీమలు పడతయా?"

అనసూర్య తల దించుకుంది. పట్టేవి. చాయ్ ఎవరు ఒలకబోశారని ఆమె మొగిలయ్యను తిట్టి, చీమల మీద పసుపు చల్లి, రోజూ కడిగేది. ఇన్నాళ్లూ తాను కడిగింది ఏమిటో ఇప్పుడు అర్థమై చేతులు పైట కింద దాచుకుంది.

"షుగరు. ఎన్నేండ్ల నుంచో ఉన్నది" అన్నాడు డాక్టర్. "చక్కెర దిగితే ఈ పుండు మానుతది. దిగకపోతే వేలుతోని ఆగదు, పాదం తియ్యాలె. ఎక్కువ టైం లేదు. ఆరు వారాలు చూస్త."

పాదం లేని అద్దకంవాడు లేడు. కాగు ముందు పొద్దంతా రెండు కాళ్ల మీద నిలబడాలి, తడిసి బరువెక్కిన చిలుపలను కర్రల మీద ఎత్తి తిప్పాలి. చంకలో కర్ర పెట్టుకుని చేసే పని కాదది. ఈ సంగతి డాక్టర్‌కు తెలియదు. వెంకటరాజానికి తెలుసు.

రోజుకు రెండు మాత్రలు రాసిచ్చి, బియ్యం బందన్నాడు డాక్టర్. గంజి, మక్కజొన్న గటక, బెల్లం, మామిడిపండ్లు అన్నీ బంద్. గుడ్డు, మాంసం, ఆకుకూరలు, సల్ల ఎంతైనా పర్వాలేదు. మిగతావి ఏది ఎంత తినవచ్చో తాను చెప్పనన్నాడు. "ఒక్కొక్కల ఒళ్లు ఒక్కో తీరు. తిన్న రెండు గంటలకు పరీక్ష చేస్కోండి, సీసానే చెప్తది." నీలం మందు సీసా ఒకటి, మూత్రం పట్టడానికి చిన్న సీసా ఒకటి, గాజు గొట్టం ఒకటి, స్పిరిటు దీపం ఒకటి ఇచ్చాడు. గొట్టంలో చెంచాడు నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి మరగబెట్టాలి. నీలంగా ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం. పసుపు, నారింజ, ఆఖరుకు ఇటుక ఎరుపు. అది అన్నింటికంటే చెడ్డది.

"సారూ, ఆయనకు దగ్గరి చూపు మసక" అంది అనసూర్య. అన్న తర్వాతే తెలిసింది, ఆ పని తన మెడకే చుట్టుకుందని.

మొదటి రోజు షెడ్డు మూలలో దీపం వెలిగించి, చీరకొంగు ముక్కుకు కట్టుకుని, గొట్టాన్ని పటకారుతో పట్టుకుంది. మొగుడి ఉచ్చ కుతకుత ఉడుకుతుంటే ఆవిరి మొహానికి కొట్టింది. నీలం పోయి, పచ్చబడి, పసుపై, చివరికి కాల్చిన ఇటుక రంగు అడుగున పేరుకుంది. జీవితంలో ఎన్నో రంగులు మరగబెట్టింది కానీ ఇంత రోత రంగు చూడలేదు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

అయినా పని వదల్లేదు. చదువు రాదు కాబట్టి తనదైన పద్ధతి పెట్టుకుంది. షెడ్డులో రంగునూలు పోగులకు కొదవలేదు. ఏ తిండికి ఏ రంగొస్తే ఆ రంగు పోగును ఆ డబ్బాకే కట్టింది. బియ్యం డబ్బాకు ఎర్ర పోగు. ఒంట్లో బాగాలేని వాళ్లకు పెట్టే అంబలి తేలికనుకుంది, దానికి నారింజ వచ్చింది. జొన్నరొట్టె ఒకటి తింటే పచ్చ, రెండు తింటే పసుపు. శనగలు గుప్పెడు పచ్చ. పల్లీలు నీలం. పుంటికూర, తోటకూర నీలం. గుడ్లబుట్టకు నీలం. మామిడిపండు ఒక్క చెక్క తినిపించి చూస్తే ఇటుక, దాంతో పండ్లబుట్టను ఇంట్లోంచే పంపించేసింది.

"బువ్వ లేని తిండి తిండేనా? మేక తిన్నట్టు ఆకులు తింటాన" అని వెంకటరాజం గొణిగేవాడు. కంచంలో బువ్వ ఉండాల్సిన చోటు వైపే చూస్తూ కూర నమిలేవాడు. ఆ చప్పరింపు, ఆ ఆశ చూసినా ఆమెకు రోతే. పుండు కడగడం, గుడ్డ మార్చడం, గొట్టం ఉడికించడం, పళ్లు బిగబట్టి చేసేది. మూడు వారాలకు గొట్టం నీలంగానో లేత పచ్చగానో ఆగసాగింది. పుండు అంచులు ఎర్రబడ్డాయి. వాసన తగ్గింది.

నాలుగో వారం డాక్టర్ ఇచ్చిన చిన్న సీసా వెంకటరాజం చేతిలోంచి జారి పగిలింది. అప్పటిదాకా అందులోనే మూత్రం పట్టి తెచ్చేవాడు. అవసరం ఆగక, ఆ పూట వంటింటి గడప మీద బోర్లించిన చాయ్ గ్లాసు తీసుకుపోయాడు.

అనసూర్య చూసింది. గ్లాసును పటకారుతో పట్టుకుని ప్రహరీ అవతలికి విసిరింది. మిగిలిన ఐదు గ్లాసులు బూడిదతో మూడుసార్లు తోమింది, అయినా వాటిలో చాయ్ తాగలేక అవి కూడా పారేసింది.

"అవి నేను ముట్టలేదే!" అన్నాడు వెంకటరాజం.

"ఒక్కటి ముట్టినోడివి మిగిలినయి ముట్టలేదని ఎట్ల నమ్మాలె? ఛీ, ఛీ."

వంటింటి గిన్నె ఒక్కటి కూడా ఆ పనికి ఇవ్వనంది. షెడ్డులో మూలనపడి ఉన్న తెల్ల ఎనామిల్ కప్పు ఒకటి ఏరి, హైడ్రోసు డబ్బా పైనున్న గూట్లో పెట్టింది. "ఇది నీది. ఇంట్లకు రావద్దు. కడుగుడు, నా ముంగట పట్టుకునుడు గూడ నువ్వే, నేను ముట్ట."

మర్నాడు ఇటుక ఎరుపు వచ్చింది.

ఆమె గొట్టం కడిగి మళ్లీ చేసింది. మళ్లీ ఎరుపే.

"ఏం దిన్నవ్?"

"రెండు గుడ్లు. నువ్వే పెడ్తివి గద."

"గుడ్లకు ఎర్రగొస్తదా?"

"నన్నడుగుతవేందే? పోయి కోడినడుగు."

మొదటి రోజు అతను నవ్వుతూనే అన్నాడు. రెండో రోజు తోటకూరకు ఎరుపు, మూడో రోజు మటన్‌కు ఎరుపు. వారం తిరిగేసరికి వంటింట్లో నీలం పోగులన్నీ పోయి ప్రతి డబ్బాకూ ఎర్ర పోగే వేలాడింది. కోడిగుడ్డులో చక్కెర ఎలా ఉంటుంది? ఉండదు. అయితే చక్కెర ఇంకెక్కడినుంచో అతని నోట్లోకి పోతోంది.

పక్కింటి చిలుకమ్మ ఆ అనుమానానికి ఇంకాస్త నూనె పోసింది. "మగోళ్ల నాలుకను నమ్ముతవా బిడ్డా? మా ముసలోడు కల్లు ముట్టనని పోశమ్మ మీద ఒట్టువెట్టిండు. ఆఖరికి తాటిచెట్టు కిందనే పానం ఇడిసిండు."

అప్పటినుంచి అనసూర్య అతని జేబులు దులిపేది, దిండు కింద చూసేది. చౌరస్తా హోటల్లో అడగమని మొగిలయ్యను పంపింది. "మీ అన్నకు చాయ్ పోసి నెల దాటిందన్నరు వదినె" అని అతను వచ్చి చెప్పినా, అన్నదమ్ములిద్దరూ ఒకటే అనుకుంది. ఒకరోజు వెంకటరాజం పడుకుని ఉంటే వంగి అతని నోటి వాసన చూసింది. అతను కళ్లు తెరిచాడు.

"ఏం జేత్తానవే?"

"నోరు తెరువు."

అతను నోరు తెరిచాడు. పశువుల సంతలో ఎద్దు నోరు చూసినట్టు ఆమె చూసింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఆమెకు ఇంకా అసహ్యం పుట్టించింది. ఇంత నేర్పుగా అబద్ధమాడే మనిషితోనా ఇరవై ఏడేళ్లు కాపురం చేసింది! చీమునైనా కడగొచ్చు, ఈ అబద్ధాన్ని ఏం పెట్టి కడగాలి?

ఐదో వారం డాక్టర్ ముందు ఆ మాటే అనేసింది. "దొంగతిండి తింటాండు సారూ. కాలు పోతదన్నా నాలుక కట్టుకుంటలేడు."

వెంకటరాజం ఆమె ముఖంలోకి చూశాడు. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు.

"నాకు తెల్సు. అందరూ గిట్లనే చేస్తరు" అన్నాడు డాక్టర్, చేతులు కడుక్కుంటూ. రోజుకు రెండు మాత్రలను నాలుగు చేశాడు. "వచ్చే సోమవారం గూడ ఎర్రగొస్తే సంతకం పెట్టనీకి తయారై రండి. పాదం తీసేద్దాం."

ఆ వారం అనసూర్య అతనికి సల్ల, ఉడికించిన ఆకు తప్ప ఏమీ పెట్టలేదు. ఎర్ర పోగు కట్టని డబ్బా ఇంట్లో లేదు మరి. అతనూ అడగలేదు. నాలుగు మాత్రలూ మింగి, వచ్చి షెడ్డులో బోర్లించిన కాగు మీద కూర్చునేవాడు. గొట్టం మాత్రం రోజూ ఎర్రగానే ఉడికేది.

శనివారం మధ్యాహ్నం అతని బనియను చెమటతో తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. అనసూర్యను చూసి "అవ్వా, దాహమైతాంది" అన్నాడు, చచ్చిపోయిన తల్లిని పిలిచినట్టు. మాట ముద్దగా ఉంది.

"ఇగ కల్లు గూడ మొదలువెట్టినవా?" అంది ఆమె. మళ్లీ వంగి వాసన చూసింది. కల్లు వాసన లేదు. అతని కళ్లు పైకి తేలిపోయాయి, మనిషి పక్కకు ఒరిగి తడినేల మీద పడ్డాడు.

ప్రహరీ మీంచి చూసిన చిలుకమ్మ కేక వేసింది. మొగిలయ్య పరుగెత్తి రిక్షా తెచ్చాడు. దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ రక్తం తీయించి, గ్లూకోజు ఎక్కించింది. కొంతసేపటికి వెంకటరాజం కళ్లు తెరిచి, తన చుట్టూ ఉన్న మంచాలను చూసి, ఇదేం ఊరని అడిగాడు.

"షుగర్ ఎక్కువున్నదని ఎవరన్నరమ్మా?" డాక్టరమ్మ గొంతులో కోపం. "షుగర్ లేక పడిపోయిండు. ఇన్ని మాత్రలు మింగించి ఉపాసం పెడ్తరా మనిషిని?"

"పొద్దుగాల గూడ ఎర్రగొచ్చింది బిడ్డా. నేనే ఉడకవెట్టిన."

"పట్టుకొచ్చినంక మూత్రం తీసినం. ఇగో, చూడు."

గొట్టం ఆమె కళ్లముందు పెట్టింది. నీలం. ఆకాశమంత నిర్మలమైన నీలం. అందులో పచ్చని నలుసు కూడా లేదు.

ఆ రాత్రంతా అనసూర్య మంచం పక్కన నేలమీద కూర్చుంది. ఇంట్లో వాడేదీ ఇదే మందు, ఇదే గొట్టం, మనిషీ అతనే. మరి తేడా ఎక్కడుంది? ఆమె అద్దకం ఇంటి ఆడది. ఒకే రంగు రెండు కాగుల్లో రెండు తీర్లుగా పడితే తప్పు రంగుది కాదని, కాగుదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున ఇంటికొచ్చి తిన్నగా షెడ్డుకు పోయింది. గూట్లోంచి ఎనామిల్ కప్పు తీసింది. దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ప్రహరీ చాటుకు పోయి, తన మూత్రమే అందులో పట్టింది. వేళ్లు తడిశాయి. గొట్టంలో పోసి ఉడికించింది.

ఇటుక ఎరుపు.

నాక్కూడా ఈ రోగముందా అనుకుంది ఒక్క క్షణం. మరుక్షణమే గొట్టం కడిగి, అదే కప్పులో ఉత్త బావినీళ్లు పోసింది. ఆ నీళ్లలోంచి ఎనిమిది చుక్కలు తీసి నీలంలో వేసి ఉడికించింది. నీలం మురికిబడి, నారింజ తిరిగి, ఎర్రబడింది.

బావినీళ్లకు షుగరుంటుందా?

అప్పుడే మొగిలయ్య లోపలికి వచ్చాడు. అన్న లేకపోయినా మగ్గాల వాళ్లకు నూలు ఇవ్వాలి. కాగు మూత తీశాడు, హైడ్రోసు డబ్బా తెరిచాడు, అలవాటుగా చెయ్యి గూట్లోకి పెట్టి తడుముకున్నాడు.

"వదినె, ఇక్కడ తెల్లకప్పు ఉండాలె, చూసినవా?"

"దేనికి?"

"హైడ్రోసు తీసెతందుకు. కొబ్బరిచిప్ప పలిగింది గద, పదిహేను దినాల సంది గదే వాడుతాన."

అనసూర్య కప్పును వెలుతురులోకి ఎత్తి పట్టింది. తెల్ల ఎనామిల్ అంచుకు, పిడి మూలకు తెల్లపొడి పేరుకుని ఉంది. నీలం కాగు రంగును విరిచే పొడే గొట్టంలో నీలాన్నీ విరిచింది. ఆ కప్పులోంచి వచ్చే ఘాటును ఆమె రోజూ మొగుడి ఒంటి కుళ్లే అనుకుంది. ఒక్కసారి దగ్గరికి తీసుకుని వాసన చూసి ఉంటే, ఒక్కసారి తన చేత్తో కడిగి ఉంటే తెలిసేది. కడగలేదు. మొగుడి నోటి వాసన చూసింది కానీ కప్పు వాసన చూడలేదు.

"గది మీ అన్న ఉచ్చ కప్పు" అంది.

మొగిలయ్య చెయ్యి వెనక్కి లాక్కుని, పంచెకు తుడుచుకుని, మళ్లీ పంచెను చూసుకున్నాడు. "థూ! పదిహేను దినాల సంది మన నీలం ఎందుకింత బాగ పడుతాందని మగ్గాల సారయ్య మామ అడిగిండు వదినె!"

ఆమెకు నవ్వు రాలేదు. పెరట్లోకి పోయి కక్కుకుంది. ఈసారి ఆ రోత మొగుడి మీద కాదు.

సోమవారం రాజేశ్వర్ రావు ముందు, వరసలో కూర్చున్న వాళ్లంతా వింటుండగా చెప్పింది. "మా ఆయన దొంగతిండి తినలే సారూ. తప్పు చెప్పింది నేను. కప్పుల రంగుపొడి ఉండె." డాక్టర్‌కు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక క్షమాపణ చెప్పలేదు. మాత్రలు మళ్లీ రెండు చేసి, పుండు కట్టు విప్పాడు. చాలాసేపు చూశాడు.

"పైకి పాకలేదు. నోరు మంచిగనే కట్టుకున్నట్టున్నడు. వేలి ఎముక మాత్రం పాడైంది. ఆ ఒక్క వేలు తీస్తే సరిపోతది. పాదం ఉంటది."

వెంకటరాజం ఆ పాదం మీద ఇంకో పదకొండేళ్లు కాగు ముందు నిలబడ్డాడు. కానీ ఆ రోజు అక్కడ ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. అతను భార్య వైపు తిరగకుండా, డాక్టర్ వెనక గోడకు చెబుతున్నట్టు అన్నాడు. "ఇరవై ఏడేండ్ల మనిషిని నమ్మలే. కప్పును నమ్మింది."

వేలు తీసిన రోజు ఆయా దూది చుట్టిన కాగితం పొట్లం తెచ్చి అనసూర్య చేతిలో పెట్టింది. "తీస్కపోయి లోతుగ పాతిపెట్టుకోండ్రి. ఇడిసిపెడితే కుక్కలు పట్టుకొస్తయి." పొట్లం తడిగా, కొంచెం వెచ్చగా ఉంది. మొగిలయ్య తానందుకుంటానన్నాడు. ఆమె ఇవ్వలేదు. రిక్షాలో ఇంటిదాకా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చింది. గొంతు దాకా వచ్చినదాన్ని మింగుకుంటూ కూర్చుంది.

ఎనిమిదో రోజు వెంకటరాజాన్ని ఇంటికి తెచ్చేదాకా ఆ పొట్లం ఉప్పు పోసిన కుండలో, షెడ్డు వెనక ఉంది. అతని వేలు అతను చూడకుండా పాతిపెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. మంచం పెరట్లో వేయించి, అతన్ని కూర్చోబెట్టి, గోడవార తానే పార పట్టుకుంది. ఎండకు నేల రాయిలా ఉంది. అతను చూస్తూ కూర్చున్నాడు. మూరెడు లోతు అయింది. ఆమె ఆగలేదు.

"వేలు ఒక్కటే గదనే" అన్నాడు. మూడు వారాల్లో ఆమెతో అన్న మొదటి మాట. "కాలుకు సరిపోయేంత తవ్వుతానవ్."

ఆమె కుండ వంచి, పొట్లాన్ని చేత్తోనే అందుకుని గుంతలో పెట్టింది. మట్టి పూడ్చింది. పైన ఒక రాయి దొర్లించింది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుంది.

"అనసూర్యా."

"ఆఁ."

"గీ ఒక్క పూటన్న బుక్కెడు బువ్వ పెట్టరాదే."

"పెట్టనంటె పెట్ట" అంది ఆమె, రాయిని కాలితో సర్దుతూ.